‘పర్లేదు’ అనే ముందు

జనవరి మూడో సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు కలిసొస్తాయి. ఆ ఏడు సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే నాలుగు కుటుంబాల వాళ్ళం డెన్వర్ నుంచి ఐ-70 పట్టుకుని కొండల్లోకి వెళ్ళాం. నాకది మూడోసారో నాలుగోసారో స్కీయింగ్. ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న రన్, అంటే నేర్చుకునేవాళ్ళు జారే దారి. పక్కకు ఆగి బూటు బిగించుకుంటున్నాను. వెనక నుంచి బోర్డు మంచును గీరుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే నా ఎడమ మోకాలిలో ‘టప్’మని ఇంకో చప్పుడు.

“అమ్మో, మోకాలు!” అని అరిచాను.

“అన్నా, తెలుగా?” అన్నాడు గుద్దినవాడు.

ఎమ్మెస్ చేస్తున్నాడట. సొంతూరు నరసరావుపేట. పాపం వణికిపోతూ “స్కీ పట్రోల్ వాళ్ళని పిలవనా అన్నా” అని రెండుసార్లు అడిగాడు. కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళను చూసుకునే సిబ్బంది వాళ్ళు. “పర్లేదు తమ్ముడూ, బెణికినట్టుంది. నువ్వెళ్ళు” అన్నాను. వెళ్ళాడు. నేను కుంటుకుంటూ లాడ్జికి దిగి, అద్దె స్కీలు తిరిగిచ్చేసి, పులిహోర తిన్నాను.

మర్నాటికి మోకాలు కొబ్బరి బోండంలా ఉబ్బింది. ఎంఆర్ఐలో ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగిందని తేలింది. ఆపరేషన్, ఫిజియోథెరపీ, చేతి నుంచి కట్టాల్సిన డిడక్టిబుల్, జీతం లేని సెలవు. మూడు వారాల తర్వాత ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “గుద్దిన మనిషి పేరు?” నాకు తెలిసింది ఒక్కటే, నరసరావుపేట. కొలరాడోలో అది అడ్రసు కాదు.

నేను లాయర్ని కాను. దెబ్బ తగిలాక తీరిగ్గా చదువుకున్నవాడిని. అమెరికాలో స్కీ చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుంది. మనవాళ్ళు డెన్వర్ నుంచీ డాలస్ నుంచీ ఎక్కువగా వెళ్ళేది కొలరాడోకే కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని చెప్తాను.

కొండ చేసిన గాయం, మనిషి చేసిన గాయం

1974లో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ట్రాటన్ అనే రిసార్టులో ఒక కుర్రాడు, నేర్చుకునేవాళ్ళ రన్ మీదే, మంచు కింద దాగిన పొదకు స్కీ తగిలి పడ్డాడు. పక్షవాతం వచ్చింది. జ్యూరీ 15 లక్షల డాలర్లు ఇప్పించింది. 1978లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. దాంతో స్కీ వ్యాపారమంతా ఉలిక్కిపడింది. ఇన్సూరెన్స్ దొరకదేమో, కొండలు మూసుకోవాలేమో అన్న భయంతో రాష్ట్రం తర్వాత రాష్ట్రం చట్టాలు చేయించుకుంది. కొలరాడో స్కీ సేఫ్టీ చట్టం 1979లో వచ్చింది. ఈ పుట్టుక తెలిస్తే చట్టం ఎవరివైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ చట్టానికి గుండెకాయ లాంటి మాట ‘సహజ ప్రమాదాలు’. వాతావరణం, గడ్డకట్టిన మంచు, మంచు పలచబడి తేలిన రాళ్ళు, చెట్లు, మోడులు, ఏటవాలులో హెచ్చుతగ్గులు, కనిపిస్తున్న లిఫ్ట్ స్తంభాలు, తన శక్తికి మించిన రన్ ఎక్కడం. వీటివల్ల తగిలిన దెబ్బకు రిసార్టు మీద దావా నిలవదు. ఈ జాబితా ఎంత దూరం సాగుతుందంటే, 2012లో వింటర్ పార్క్ రిసార్టు హద్దుల లోపలే, తెరిచి ఉంచిన రన్ మీద మంచుచరియ విరిగిపడి ఒకాయన చనిపోతే, అదీ సహజ ప్రమాదమేనని 2016లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. నాకూ ఆ ఇద్దరి మాటే న్యాయంగా తోస్తుంది గానీ తీర్పు తీర్పే.

మరి రిసార్టు ఎక్కడ దొరుకుతుంది? చట్టం దానిమీద పెట్టిన పనులు చెయ్యనప్పుడు. ఏ రన్ ఎంత కష్టమో గుర్తులు పెట్టాలి, మూసిన రన్‌కు మూసినట్టు బోర్డు కట్టాలి. మనుషులు కట్టిన నిర్మాణం ఏదైనా మామూలు వెలుతురులో 100 అడుగుల దూరం నుంచి కనపడకపోతే దానికి గుర్తు పెట్టి, దెబ్బ తగలకుండా మెత్తటి తొడుగు వెయ్యాలి. రిసార్టు వాళ్ళ స్నోమొబైల్‌కు లైట్లుండాలి, జెండా ఉండాలి. ఇవి తప్పితే ఆ తప్పడమే నిర్లక్ష్యం కింద లెక్క. అందుకే పడిన చోట ‘ఎలా పడ్డాను’ అని కాదు, ‘ఇక్కడ ఉండాల్సింది ఏది లేదు’ అని చూడాలి. ఆ చూపు పడినరోజు సాయంత్రం వరకే పనికొస్తుంది. రాత్రికి మంచు చదును చేసే బండి వచ్చి అన్నీ తుడిచేస్తుంది.

స్కీలు తొడుక్కోలేదు, ట్యూబులో కూర్చుని జారాం అంతే అంటారు మనవాళ్ళు. స్కీ రిసార్టులో అయితే ట్యూబులో జారినా చట్టం లెక్కలో మీరు స్కీయరే.

పైన ఎవరు, కింద ఎవరు

నాలాగా ఇంకో మనిషి గుద్దితే సంగతి వేరు. రిసార్టుకు సంబంధించినంత వరకు ఢీకొనడం కూడా సహజ ప్రమాదమే. కానీ గుద్దినవాడికి ఆ రక్షణ లేదని కొలరాడో చట్టం విడిగా రాసిపెట్టింది. పై నుంచి వస్తున్నవాడిదే ప్రధాన బాధ్యత, కిందున్నవాళ్ళను తప్పించుకుపోవాలి. కిందున్నవాడు ఆగి ఉన్నా, మెల్లగా వంకర టింకరగా దిగుతున్నా, ముందు వాడిదే దారి.

2016 ఫిబ్రవరిలో యూటాలోని డీర్ వ్యాలీలో సినిమా నటి గ్వినెత్ పాల్ట్రోను ఒక రిటైర్డ్ కళ్ళడాక్టరు గుద్దాడో, ఆయన్ని ఈవిడ గుద్దిందో అన్న కేసు పార్క్ సిటీ కోర్టులో 2023 మార్చిలో విచారణకొచ్చింది. ఆయన మొదట 31 లక్షల డాలర్లు అడిగి, తర్వాత మూడు లక్షలకు దిగాడు. టీవీల్లో రోజుల తరబడి నడిచిన ఆ విచారణ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎవరు పైన ఉన్నారు? నేనే కిందున్నానని ఇద్దరూ చెప్పారు. సాక్షులూ ఒక్కమాట మీద లేరు. జ్యూరీ తప్పంతా ఆయనదేనంది. పాల్ట్రో తన తరఫున అడిగిన ఒక్క డాలరూ ఇప్పించింది. అంత తారకే ఏడేళ్ళు పట్టిన ప్రశ్నకు జవాబు కావాలంటే మీ దగ్గర ఏముండాలి? పక్కనే నిలబడి చూసిన ఒకరి ఫోన్ నంబరు. ఎవరి హెల్మెట్ మీదనైనా కెమెరా ఉంటే ఆ వీడియో.

ఇంకో మాట. ఢీకొని ఎవరికైనా దెబ్బ తగిలితే, తన పేరూ చిరునామా రిసార్టు సిబ్బందికో స్కీ పట్రోల్‌కో ఇవ్వకుండా అక్కణ్ణుంచి కదలకూడదని కొలరాడో చట్టం. సాయం తేవడానికి వెళ్ళొచ్చు, అది కూడా తిరిగొచ్చి పేరివ్వడానికే. ఇవ్వకపోతే జరిమానా పడొచ్చు. అంటే ఆ రోజు నేను “నువ్వెళ్ళు” అనడం నాకు నేను చేసుకున్న అన్యాయం మాత్రమే కాదు. ఆ కుర్రాణ్ణి కూడా తెలియకుండా తప్పులోకి నెట్టాను.

ఇక్కడే మనవాళ్ళకు అడ్డొచ్చేది చట్టం కాదు, మొహమాటం. “తెలుగు పిల్లాడు, ఫీజులకే అప్పు చేసుంటాడు, వాడి మీద కేసా?” నేనూ ఇదే అన్నాను లాయరమ్మతో. ఆవిడ నవ్వి, “ఆ అబ్బాయి అపార్ట్‌మెంట్‌లోనే కదా ఉంటాడు?” అంది.

అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లు రెంటర్స్ ఇన్సూరెన్స్ లేనిదే తాళాలివ్వవు. నెలకు పదో పదిహేనో డాలర్లు కట్టి మర్చిపోతాం, టీవీ పోతే వస్తుందనుకుంటాం. అందులో పర్సనల్ లయబిలిటీ అని ఇంకో భాగం ఉంటుంది, తరచుగా లక్ష డాలర్ల దాకా. మన అజాగ్రత్త వల్ల ఇంటి బయట ఇంకొకరికి దెబ్బ తగిలినా సాధారణంగా అది వర్తిస్తుంది, స్కీ కొండ మీద కూడా. సొంత ఇల్లుంటే హోమ్‌ఓనర్స్ పాలసీలోనూ ఇదే ఉంటుంది. కొన్ని పాలసీల్లో ఎవరిది తప్పని తేల్చకుండానే ఎదుటివాళ్ళ వైద్యానికి కొంత సొమ్ము ఇచ్చే భాగం కూడా ఉంటుంది. కాబట్టి మీరు క్లెయిమ్ వేసేది నరసరావుపేట కుర్రాడి జేబు మీద కాదు. అతను నెలనెలా ప్రీమియం కడుతున్న కంపెనీ మీద. అతని తరఫున లాయర్ని పెట్టేదీ ఆ కంపెనీయే. ఈ మాట ముందే తెలిసుంటే ఆ మంచులో కూర్చునే, “తమ్ముడూ, నీ లైసెన్స్ ఒక ఫోటో తీసుకోనీ, ఏమీ భయపడకు” అని ఉండేవాణ్ణి. మా స్నేహమూ చెడేది కాదు.

ఇది తిప్పి కూడా చదువుకోండి. రేపు మీరే ఎవర్నైనా గుద్దితే? మీ పాలసీ కాగితం ఈ రాత్రికే తీసి చూడండి.

లిఫ్ట్ మీద, బూటు దగ్గర

కొండ జారుడు మీ ఇష్టం, లిఫ్ట్ నడపడం వాళ్ళ చేతిలో పని. అందుకే క్రెస్టెడ్ బ్యూట్ రిసార్టు లిఫ్ట్ మీద నుంచి పడిన ఒక మనిషి కేసులో 1998లో కొలరాడో సుప్రీంకోర్టు, లిఫ్ట్ నడిపేవాళ్ళు అత్యున్నత స్థాయి జాగ్రత్త చూపాల్సిందేనంది. లిఫ్ట్‌లకు రాష్ట్రంలో విడిగా ఒక భద్రతా బోర్డే ఉంది. జారుతూ పడిన కేసుల్లో రిసార్టు నుంచి రాబట్టే పరిహారానికి చట్టం 10 లక్షల డాలర్ల గీత గీసింది. లిఫ్ట్ ప్రయాణికులకు ఆ గీత లేదు.

అదే రిసార్టులో 2022 మార్చిలో పదహారేళ్ళ అమ్మాయి లిఫ్ట్ కుర్చీలో సరిగా కూర్చోలేక వేలాడుతూ పోయింది. వాళ్ళ నాన్నా చుట్టుపక్కల వాళ్ళూ ఆపండని అరిచినా ఆపలేదని ఆ కుటుంబం ఫిర్యాదు. అమ్మాయి కిందపడి, కాళ్ళు చచ్చుబడిపోయాయి. నాన్న పాస్ కొన్నప్పుడు, మేం కోర్టుకెక్కం అనే వేవర్ మీద సంతకం పెట్టేశాడు. 2024 మేలో కొలరాడో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. మామూలు నిర్లక్ష్యం దావాను ఆ సంతకం అడ్డుకుంటుంది. కానీ చట్టమో, లిఫ్ట్ నిబంధనలో పెట్టిన విధిని తప్పిన దావాను ఏ సంతకమూ అడ్డుకోలేదు. ఫోన్‌లో కిందికి కిందికి జరిపి ‘ఐ అగ్రీ’ నొక్కేస్తామే, ఆ నొక్కుడు ఎంతవరకు పనిచేస్తుందో ఇప్పుడు తెలిసింది.

పిల్లల తరఫున అమ్మానాన్నలు పెట్టే సంతకం చెల్లదని కొలరాడో కోర్టు 2002లో అంటే, 2003లో శాసనసభ కొత్త చట్టం తెచ్చి చెల్లేలా చేసింది. మిగతా రాష్ట్రాలు ఒకే దారిలో లేవు. వెర్మాంట్‌లో 1995లో, యూటాలో 2007లో, ఒరెగాన్‌లో 2014లో సుప్రీంకోర్టులు తమ ముందుకొచ్చిన స్కీ వేవర్లను పక్కన పెట్టేశాయి. కాబట్టి సంతకం పెట్టేశాను కదా, ఇంకేముంది అని మీ కేసులో మీరే తీర్పు చెప్పుకోకండి. తీర్పు చెప్పడానికి జీతం తీసుకునేవాళ్ళు వేరే ఉన్నారు.

అద్దె సామాను కథ చిన్నదే కానీ ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. పడగానే బూటును వదిలెయ్యాల్సిన బైండింగ్, మీ ఎత్తు, బరువు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు ఏ రకం స్కీయరు అన్నదాన్ని బట్టి బిగిస్తారు. ఎంత బిగించారో చెప్పే అంకె దానిమీదే కనిపిస్తుంది. అది వదలకుండా మోకాలు మెలికపడితే, దుకాణం తప్పా, తయారీ తప్పా, ఫారంలో మీరు రాసిన తప్పా అన్నది ఆ అంకే చెప్తుంది. (బరువు దగ్గర సిగ్గుపడి తగ్గించి, నైపుణ్యం దగ్గర గొప్పకు పోయి పెంచి రాసేవాళ్ళు మా గుంపులోనే ఇద్దరున్నారు.) నేను ఆ సాయంత్రమే స్కీలు తిరిగిచ్చేశాను. పొద్దున్నే అవి ఇంకెవరి కాళ్ళకో ఎక్కి ఉంటాయి. ఇచ్చేముందు ఒక్క ఫోటో, ఆ జత మీదున్న నంబరుతో సహా తీసుకుని ఉంటే చాలు. ఫారం కాపీ కూడా. స్నోబోర్డు బైండింగ్ మామూలుగా వదిలే రకం కాదు కాబట్టి అక్కడ ఈ వాదన లేదు.

మొదటి గంట, తర్వాతి రెండేళ్ళు

పడ్డాక లేవకండి. పైనుంచి వచ్చేవాళ్ళకు కనపడేలా మీ పైభాగాన రెండు స్కీలు గుణకారం గుర్తులా మంచులో గుచ్చమని ఎవరినైనా అడగండి. అది ప్రపంచమంతా తెలిసిన సైగ. పట్రోల్ వచ్చేదాకా ఆగండి, వాళ్ళ స్లెడ్డులో దిగడం నామోషీ కాదు. వాళ్ళు రాసుకునే రిపోర్టు మీ కేసుకు జన్మపత్రిక. పట్రోల్‌ను వద్దన్న నాకు ఆ జన్మపత్రికే లేదు. వాళ్ళు ప్రశ్నలడిగితే జరిగింది చెప్పండి, ఊహ చెప్పకండి. “నేనే సరిగ్గా చూసుకోలేదేమో” అనే మాట మన నోటికి మర్యాదగా వస్తుంది, రిపోర్టులో ఒప్పుకోలుగా పడుతుంది. కొలరాడోలో తప్పు సగమో అంతకన్నా ఎక్కువో మీదని తేలితే పైసా రాదు, తక్కువైతే అంతమేర కోసేస్తారు.

ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని పెట్టుకోండి. చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది. పాస్‌లో చిప్ ఉంటే మీరు ఏ లిఫ్ట్ ఎన్ని గంటలకు ఎక్కారో రికార్డు ఉంటుంది. రిసార్టు కెమెరాల వీడియో మాత్రం కొన్నాళ్ళకే చెరిగిపోవచ్చు. దాన్ని చెరపొద్దని లాయరు ఉత్తరం రాయాలి, అందుకే లాయర్ని నెలల తర్వాత కాదు, రోజుల్లో చూసుకోవాలి. గాయాల కేసుల లాయర్లు ఎక్కువమంది ముందు డబ్బడగరు. వచ్చినదాంట్లో మూడో వంతు, విచారణ దాకా పోతే 40 శాతం దాకా తీసుకుంటారు. మీ వైద్యానికి కట్టిన హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఆ సొమ్ములోంచి తన వాటా వెనక్కి అడగొచ్చు. ఈ రెండూ తీసేశాక మిగిలేదెంతో మొదటిరోజే అడిగి రాయించుకోండి. చిన్న బెణుకుకు ఈ తతంగం దండగ, అది నేనూ ఒప్పుకుంటాను.

బిల్లుల సంగతి. కొండ మీంచి హెలికాప్టరులో తీసుకెళ్తే, మీకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నట్టయితే, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం నెట్‌వర్క్ బయటి బిల్లు నుంచి కాపాడుతుంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సుకు ఆ కేంద్ర చట్టం వర్తించదు. మనవలను చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు తీసే విజిటర్ పాలసీల్లో సాహస క్రీడలను తీసేసినవి ఉంటాయి. వాళ్ళను ట్యూబింగ్ ఎక్కించే ముందు ఆ పేజీ చదవండి.

గడువులు నిర్దయగా ఉంటాయి. కొలరాడోలో రెండేళ్ళు. వెర్మాంట్‌లో స్కీ గాయానికి ఒక్క ఏడాదే. న్యూ హాంప్‌షైర్‌లో రిసార్టు మీద దావాకు 90 రోజుల్లో, ఒరెగాన్‌లో 180 రోజుల్లో ముందు నోటీసు వెళ్ళాలి. ఇండియాకు తిరిగెళ్ళిపోయినా గడియారం ఆగదు. కేసు వెయ్యడానికి గ్రీన్‌కార్డు అక్కర్లేదు. విద్యార్థి వీసా, హెచ్-1బీ, విజిటర్ ఎవరైనా వెయ్యొచ్చు. కేసేస్తే వీసా రెన్యువల్ ఆగిపోతుందని మన వాట్సాప్ గుంపుల్లో తిరిగే భయం ఉత్తదే. అది సివిల్ దావా, ఇమిగ్రేషన్‌తో దానికి పని లేదు.

తెలుగు రాష్ట్రాల నుంచి గుల్‌మార్గ్‌కో, ఔలీకో, మనాలీ దగ్గరి సోలాంగ్‌కో వెళ్ళి పడినవాళ్ళకు ఇండియాలో ప్రత్యేక స్కీ చట్టం ఆసరా ఏమీ లేదు. డబ్బు కట్టి తీసుకున్న శిక్షణలోనో, సామానులోనో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే వెయ్యొచ్చన్నది ఆ చట్టం ఇచ్చిన గొప్ప సౌకర్యం. సోలాంగ్‌లో పడి విజయవాడలో వాదించుకోవచ్చు. దానికి రసీదు కావాలి. నగదు చేతిలో పెట్టి “చలో భయ్యా” అని బయల్దేరితే రసీదు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఆఖరిది, అన్నిటికన్నా ఎక్కువ కేసులు కుంగదీసేది. దెబ్బ తగిలిన వారంలోపే ఎదుటి పక్షం ఇన్సూరెన్స్ అడ్జస్టరు ఫోన్ చేస్తాడు. గొంతు ఎంతో మర్యాదగా ఉంటుంది. ఈ కాల్ రికార్డు చేసుకోవచ్చా అని అడుగుతాడు, మీరు సరే అంటారు. ఆ తర్వాత మొదటి మాట, “హౌ ఆర్ యూ టుడే?” పదేళ్ళుగా అమెరికాలో రోజుకు ఇరవైసార్లు ఆ ప్రశ్నకు మీరేం చెప్తున్నారో అదే నాలుక చివర ఉంటుంది: “ఫైన్, థాంక్స్.” అది మన ‘పర్లేదు’కు ఇంగ్లీషు. రికార్డు చెయ్యడానికి ఒప్పుకోనని చెప్పండి. పేరు, క్లెయిమ్ నంబరు రాసుకోండి. ఎలా ఉందంటే, “ఎంఆర్ఐ అయ్యేదాకా నాకు తెలీదు, నా లాయరు మీకు ఫోన్ చేస్తారు” అని చెప్పి పెట్టెయ్యండి.